ఎనిమిదేళ్ళ పాపకి దవడ వైద్యం: మా ఇంట్లో గడిచిన ఏడాది

2024 ఏప్రిల్‌లో, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, మా పాప స్కూల్లో పళ్ళ క్యాంపు పెట్టారు. మధ్యాహ్నం పుస్తకాల సంచిలో ఒక చీటీ వచ్చింది. పుచ్చులు లేవని రాసి, కింద "ముందు పళ్ళలో కిందివి పైవాటికన్నా బయటికి ఉన్నాయి, ఆర్థోడాంటిస్ట్‌కి చూపించండి" అని ఉంది. ఆర్థోడాంటిస్ట్ అంటే పళ్ళ వరసనీ దవడల తేడానీ సరిచేసే ప్రత్యేక డాక్టర్. అప్పటికి పాపకి ఏడున్నరేళ్ళు. పాల పళ్ళు ఊడి, పైన రెండు పెద్ద పళ్ళు వచ్చి కొన్ని నెలలే అయింది. అవి కింది పళ్ళకి వెనకగా దిగాయని నాకూ కనిపిస్తూనే ఉంది. నవ్వితే కింది వరసే ముందు కనపడేది.

మా అత్తయ్య ఆ చీటీ చూసి "తాత పోలిక, దానికి వైద్యమేంటమ్మా" అన్నారు. నిజమే, మా మామగారికి గడ్డం బాగా ముందుకి ఉంటుంది, మా ఆయనకి కొంచెం తక్కువ. పక్కింటి పిన్నిగారేమో పాల పళ్ళన్నీ ఊడితే అవే సర్దుకుంటాయన్నారు. మేముండే తెనాలిలో మామూలుగా చూపించుకునే పళ్ళ డాక్టర్ గారిని అడిగితే, పన్నెండేళ్ళు రానివ్వండి, అప్పుడు క్లిప్పులు వేద్దాం అన్నారు. అందరూ ఆగమనేవాళ్ళే. కానీ చీటీలో పళ్ళ డాక్టర్ అని కాకుండా ప్రత్యేకంగా ఆర్థోడాంటిస్ట్ అని రాసి ఉండటం నా మనసులో పడింది. మే సెలవుల్లో గుంటూరు తీసుకెళ్ళాం.

మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఎక్స్‌రే కూడా తీయకుండానే పాప నోరు ఒకసారి చూసి, పారదర్శకంగా ఉండే ట్రేలు వేస్తాం, లక్షా నలభై వేలు అవుతుంది, ఈ రోజే అడ్వాన్స్ కడితే తగ్గిస్తాం అన్నారు. సమస్య పళ్ళదా ఎముకదా అని అడిగితే సరైన జవాబు రాలేదు. లేచి వచ్చేశాం. ఎక్స్‌రే లేకుండా రేటు చెప్పే చోట పిల్లల దవడ వైద్యం మొదలుపెట్టకండి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట.

రెండో చోట దొరికిన డాక్టర్ గారే మాకు వైద్యం చేసింది. ఆయన ముందు పాపతో మాట్లాడారు. తర్వాత పక్కకి తిప్పి కూర్చోబెట్టి ముక్కు, పెదవులు, గడ్డం ఎలా ఉన్నాయో చూశారు. గడ్డం మీద వేలు పెట్టి మెల్లగా వెనక్కి ఆనిస్తూ నెమ్మదిగా కొరకమన్నారు. పై పళ్ళ అంచులు, కింది పళ్ళ అంచులు ఒకదానికొకటి తగిలాయి. "ఇది మంచి లక్షణం. ఇలా అంచులు కలిసే పిల్లల్లో ఫలితం బాగుంటుంది" అన్నారు. మా ఆయన్ని కూడా పక్కకి తిరిగి నిలబడమని చూశారు. మామగారి ఫోటో ఫోన్‌లో ఉంటే అదీ అడిగారు. మేనరికమా అని కూడా అడిగారు, మాది కాదు.

స్కాన్ సెంటర్‌లో రెండు ఎక్స్‌రేలు తీశారు, ఓపీజీ (పళ్ళూ దవడలూ అన్నీ ఒకే ఫిల్మ్‌లో కనిపించేది), లేటరల్ సెఫలోగ్రామ్ (తలని పక్క నుంచి తీసేది). రెండూ కలిపి 900 రూపాయలు. ఓపీజీకి నిలబెట్టి, చిన్న పుల్లలాంటిది ముందు పళ్ళతో కొరికి పట్టుకోమంటారు, మిషను తల చుట్టూ తిరుగుతుంది. పాప దానికి భయపడలేదు. రెండోదానికి తల కదలకుండా రెండు చెవుల్లో కడ్డీలు ఆనిస్తారు, దానికి బెదిరింది. పిల్లలకి ఈ కడ్డీల సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఫిల్మ్ చేతికొచ్చాక మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. పాల పళ్ళ కింద, ఎముక లోపల, ఇంకా రాని పెద్ద పళ్ళన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది.

డాక్టర్ గారు సెఫలోగ్రామ్ మీద పలచటి కాగితం వేసి పెన్సిల్‌తో గీతలు గీసి చూపించారు. కింది దవడ ఆ వయసుకి ఉండాల్సినంతే ఉంది, పై దవడ ఎముకే వెనకబడింది. పైగా ఇరుగ్గా ఉంది. పై దవడని పుర్రెతో కలిపే అతుకులు ఈ వయసులో ఇంకా గట్టిపడవు కాబట్టి, ముందుకి లాగితే ఎముక వస్తుంది. పది పన్నెండేళ్ళు దాటాక లాగితే ఎక్కువగా పళ్ళే కదులుతాయి, ఎముక అంతగా రాదు. అందుకని ముందు అంగిలికి ఎక్స్‌పాండర్ వేసి వెడల్పు చేసి, ఆ తర్వాత ముఖానికి ఫేస్‌మాస్క్ పెట్టి పై దవడని ముందుకి లాగాలి. తొమ్మిది నెలల నుంచి ఏడాది.

పూర్తిగా తగ్గిపోతుందా అని మా ఆయన అడిగారు. డాక్టర్ గారు మాట ఇవ్వలేదు. ఆడపిల్లల్లో కింది దవడ పదహారేళ్ళ వరకూ పెరుగుతూనే ఉంటుంది, మగపిల్లల్లో ఇంకొన్నేళ్ళు ఎక్కువ. ఇప్పుడు సరిచేసినా ఆ పెరుగుదలలో కొంత వెనక్కి పోవచ్చు. పన్నెండు పదమూడేళ్ళకి క్లిప్పులు మళ్ళీ కావాలి, కొందరికి ఎదుగుదల ఆగాక ఆపరేషన్ కూడా తప్పదు. మరి ఇప్పుడెందుకు అంటే, యూకేలో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 73 మందిని తీసుకుని కొందరికి ఫేస్‌మాస్క్ పెట్టి, కొందరికి పెట్టకుండా ఆరేళ్ళ తర్వాత చూశారట. పెట్టుకున్నవాళ్ళలో 36 శాతం మందికి, పెట్టుకోనివాళ్ళలో 66 శాతం మందికి ఆపరేషన్ అవసరమని తేలింది. "నేను మీకు అమ్ముతున్నది ఈ తేడానే" అన్నారు. ఆ మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఖర్చు మొత్తం 42,000. మొదట 18,000, తర్వాత నెలకి 3,000 చొప్పున ఎనిమిది నెలలు. మా ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అడిగితే, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ళ వైద్యానికి రాదన్నారు. ఇంకో అభిప్రాయం కోసం ఒక ప్రభుత్వ డెంటల్ కాలేజీకి కూడా వెళ్ళాం. ఓపీ చీటీకి నామమాత్రం డబ్బు. పీజీ డాక్టర్లు కొలతలన్నీ తీసుకుని, ప్రొఫెసర్ గారిని పిలిచి చూపించారు. ఆవిడా అదే వైద్యం చెప్పారు, ఖర్చు ఇందులో నాలుగో వంతు కూడా కాదు. అయితే ప్రతి నెలా పని రోజుల్లోనే రావాలి, పూట గడిచిపోతుంది. నేను ప్రైవేట్ స్కూల్లో లెక్కలు చెప్తాను, నెలనెలా సెలవు దొరకదు. గుంటూరు క్లినిక్ ఆదివారం ఉదయం కూడా తీస్తారు. అందుకే డబ్బెక్కువైనా అక్కడికి వెళ్ళాం. పని రోజుల్లో వీలున్నవాళ్ళు డెంటల్ కాలేజీకి నిశ్చింతగా వెళ్ళచ్చు.

జూన్ 9న మొదలైంది. ఆ రోజు చేసిందల్లా, పెద్ద దవడ పళ్ళకి అటూ ఇటూ నీలం రంగు చిన్న రబ్బరు రింగులు దూర్చారు. పళ్ళ మధ్య కాస్త ఎడం వస్తేనే తర్వాత లోహపు బ్యాండ్ దూరుతుంది. పెట్టినప్పుడు నొప్పి లేదు. ఆ రాత్రి అన్నం నమలలేక ఏడ్చింది. రెండు రోజులు పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాను. మూడో రోజు ఇడ్లీ తింటుంటే ఒక రింగు ఊడి చేతికొచ్చింది. మింగేసినా ప్రమాదం లేదని, బ్యాండ్ వేసే ముందు రోజుల్లో ఊడితే మాత్రం వచ్చి పెట్టించుకోవాలని ఫోన్‌లో చెప్పారు. మళ్ళీ బస్సెక్కి వెళ్ళాం.

16న బ్యాండ్లు సరిచూసి, వాటితోపాటే అంగిలికి అచ్చు తీశారు. గులాబీ రంగు ముద్ద ఒక ట్రేలో వేసి నోట్లో పెట్టి, గట్టిపడేదాకా పట్టుకుంటారు. వాంతి వచ్చినట్టవుతుంది. తల వెనక్కి వాల్చకుండా ముందుకి వంచి, ముక్కుతో గాలి పీల్చమని, ఒక కాలు పైకెత్తి పట్టుకోమని అక్కడి నర్సమ్మ చెప్పింది. కాలు మీద ధ్యాస పోతే గొంతు సంగతి మరిచిపోతారట. పాపకి అది పనిచేసింది. మాకు తెలియని సంగతి ఏంటంటే, అచ్చుతోపాటు బ్యాండ్లు తీసేసి ల్యాబుకి పంపుతారు, కాబట్టి రబ్బరు రింగులు మళ్ళీ పెడతారు. ఆ నమలలేని రెండు రోజులూ ఇంకోసారి పడాలి. అప్పుడే బడులు తెరిచారు, క్యారేజీలో ఉప్మా, పెరుగన్నం తప్ప ఏమీ పెట్టలేకపోయాను.

23న ఎక్స్‌పాండర్ వేశారు. దవడ పళ్ళకి బ్యాండ్లు, వాటి నుంచి అంగిలి మీదుగా లావుపాటి తీగలు, నడిమధ్య ఒక మర. కోరపళ్ళ దగ్గర బయటికి రెండు చిన్న వంకీలు, తర్వాత మాస్క్ రబ్బర్లు తగిలించడానికి. సిమెంటు పుల్లగా ఉందని మొహం చిట్లించింది. బయటికొచ్చాక మాట్లాడబోతే మాట ముద్దగా వచ్చింది, నోట్లోంచి నీళ్ళు కారాయి. అద్దంలో చూసుకోలేదు, దారి పొడుగునా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

మర తిప్పే పని మాది. చిన్న తీగ తాళంచెవిలాంటిది ఇస్తారు. దానికి పొడుగాటి దారం కట్టి, ఆ దారం నా మణికట్టుకి చుట్టుకోమన్నారు, చేయి జారితే గొంతులోకి పోకుండా. పాపని మంచం మీద పడుకోబెట్టి తల నా ఒళ్ళో పెట్టుకుని, మా ఆయన ఫోన్ లైటు పట్టుకుంటే, మరలో కనిపించే చిన్న రంధ్రంలో తాళం మొన దూర్చి, ముందు నుంచి గొంతు వైపు నెమ్మదిగా నెట్టాలి. పూర్తిగా నెడితే ముందు వైపు ఇంకో రంధ్రం కనిపిస్తుంది. అది కనిపించకపోతే తిప్పడం పూర్తవలేదని లెక్క, మర్నాడు తాళం దూరదు. తాళం బయటికి తీసేటప్పుడు వెనక్కి లాగితే మర వెనక్కి తిరుగుతుంది, కాబట్టి గొంతు వైపే కాస్త కిందికి దించి తీయాలి. మొదటి రాత్రి నా చేతులు వణికాయి. రోజుకి ఒకసారి, ఒక్కో తిప్పుకి పావు మిల్లీమీటరు.

తిప్పగానే ముక్కు దూలం దగ్గర, కళ్ళ మధ్య ఏదో బిగుసుకున్నట్టుందనేది. నొప్పి కాదమ్మా, లోపల ఏదో తోస్తోంది అనేది. అయిదు నిమిషాలకి తగ్గిపోయేది. మొదటి రెండు మూడు రోజులు బరువుని బట్టి పారాసిటమాల్ సిరప్ పట్టాం, తర్వాత అవసరం రాలేదు. వారం తిరిగేసరికి పైన రెండు ముందు పళ్ళ మధ్య సందు పడింది. రోజురోజుకీ పెరిగి, పాప నాలుక చివర పట్టేంత అయింది. డాక్టర్ గారు ఇది ముందే చెప్పారు. అంగిలి ఎముక మధ్య అతుకు విడుతోందనడానికి అదే గుర్తు, తిప్పడం ఆపాక కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుంటుందని. చెప్పి ఉండకపోతే మేము ఖచ్చితంగా ఆపేసేవాళ్ళం. అత్తయ్య మాత్రం తట్టుకోలేకపోయారు. "ఉన్న పళ్ళు చెడగొట్టి పెట్టారు" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆగస్టు చివరికి ఆ సందు పూర్తిగా కలిసిపోయింది.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పలేదు. అంగిలికీ మరకీ మధ్య ఉన్న జాగాలో అన్నం మెతుకులు, పప్పు, ఆకుకూర పీచు పేరుకుపోతాయి. పుక్కిలిస్తే పోవు. సూది లేని పది మిల్లీలీటర్ల సిరంజి మందుల షాపులో కొని, గోరువెచ్చని నీళ్ళు నింపి, వాష్‌బేసిన్ దగ్గర పాప తల వంచుకుంటే వెనక నుంచి ముందుకి చిమ్మేదాన్ని. ప్రతి భోజనం తర్వాత ఇదే. తోటకూర, గోంగూర, పీచు మామిడి మానేశాం. జీడీలు, పల్లీ పట్టీలు, ఖర్జూరం, జంతికలు వద్దన్నారు, బంకగా ఉండేవీ గట్టివీ బ్యాండ్లని ఊడబెరుకుతాయి. సాంబారులో నానిన ఇడ్లీ, పులిహోర, దోసకాయ పప్పు, కొబ్బరి చట్నీ హాయిగా తినేది. రెండు వారాల్లో ఒక కిలో దాకా బరువు తగ్గింది, ఆ తర్వాత పుంజుకుంది.

మాట తేలడానికి కూడా రెండు వారాలు పట్టింది. ట, డ, ళ పలకవు, స ఈలలా వస్తుంది. తెలుగు పీరియడ్‌లో పద్యం అప్పజెప్పమంటే పిల్లలు నవ్వారని ఏడుస్తూ వచ్చింది. నేను వాళ్ళ టీచర్‌ని కలిసి విషయం చెప్పాను. ఆవిడ మర్నాడు పాపనే ముందుకి పిలిచి, నోరు తెరిచి అందరికీ చూపించమన్నారట. అది పిల్లకి ఇంకా అవమానం అవుతుందేమోనని నా గుండె జారింది. కానీ జరిగింది వేరు. పిల్లలందరూ క్యూ కట్టి మరని చూసి, తాళం ఎక్కడ పెడతారో అడిగారట. నవ్వులు ఆగిపోయాయి. రోజూ రాత్రి పద్యం గట్టిగా చదివించాను, మాట త్వరగా తేలింది.

జూలై 14న తిప్పడం ఆపించి ఫేస్‌మాస్క్ ఇచ్చారు. నుదుటికి ఒక దిండు, గడ్డానికి ఒక గిన్నె, రెండింటినీ కలుపుతూ ముఖం మధ్యగా ఒక కడ్డీ. పెదవుల ముందు అడ్డంగా ఇంకో చిన్న కడ్డీ. నోట్లోని వంకీల నుంచి ఆ అడ్డ కడ్డీకి రెండు రబ్బర్లు తగిలిస్తారు, కాస్త కిందికి వాలుగా. నుదురు, గడ్డం ఆధారంగా తీసుకుని పై దవడని ముందుకి లాగుతుంది. పాప చూడగానే "క్రికెట్ కీపర్ హెల్మెట్‌లా ఉంది" అంది, అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు కీపరే. మొదటి రెండు వారాలు పలచటి రబ్బర్లు, తర్వాత మందమైనవి. డాక్టర్ గారు చిన్న స్ప్రింగు త్రాసుతో లాగి ఎంత బలం పడుతోందో ప్రతిసారీ కొలిచేవారు, ఒక్కో వైపు నాలుగు వందల గ్రాముల దాకా. రబ్బర్లు రోజూ మార్చాలి, ఒక రోజుకే సాగిపోతాయి.

రోజుకి పద్నాలుగు గంటలు పెట్టుకోవాలన్నారు. స్కూలుకి పెట్టుకెళ్ళక్కర్లేదు. లెక్క వేసుకుంటే, సాయంత్రం అయిదున్నర నుంచి ఉదయం ఏడున్నర వరకూ, భోజనానికి తీసిన సమయం తిరిగి కలుపుకుంటూ. అంటే బయట ఆటలు దాదాపు లేవు. ఈ వైద్యంలో డాక్టర్ దగ్గర గడిచేది నెలకి పావుగంట. మిగతాదంతా ఇంట్లో, ఆ గంటల్లో జరుగుతుంది. డబ్బు కట్టడం కన్నా ఇది కష్టం. డాక్టర్‌ని ఎంచుకునే ముందు, రోజూ సాయంత్రం పిల్ల దగ్గర ఎవరుంటారో ఇంట్లో మాట్లాడుకోండి. మాకు అత్తయ్య ఉన్నారు. మొదట అంత వ్యతిరేకించిన ఆవిడే, పాప స్కూలు నుంచి రాగానే పాలు తాగించి, చేతులు కడుక్కుని, రబ్బర్లు తగిలించేవారు. గోడ క్యాలెండర్‌లో తిథి పక్కనే ఎన్ని గంటలు పెట్టుకుందో పెన్నుతో రాసేవారు. డాక్టర్ గారు ఆ క్యాలెండర్ కాగితాలు ఫోటో తీసుకున్నారు.

మొదటి పది రోజుల రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. పాపకి పక్కకి తిరిగి బోర్లా పడుకోవడం అలవాటు. తెల్లవారుజామున చూస్తే మాస్క్ మంచం కింద ఉండేది. రెండు వైపులా దిండ్లు పెట్టి వెల్లకిలా అలవాటు చేశాం. ఒక రాత్రి రబ్బరు తెగి పెదవికి తగిలి ఉలిక్కిపడి లేచింది, దాంతో రెండు రోజులు పెట్టుకోనని మొండికేసింది. నేను కోప్పడలేదు. రబ్బర్లు తనే తగిలించుకోవడం నేర్పాను. చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఇస్తారు, అద్దం ముందు నిలబడి రెండు రోజుల్లో నేర్చేసుకుంది. తన చేతిలో పని అయ్యాక గొడవ తగ్గింది.

గుంటూరు జిల్లా ఉక్క సంగతి తెలిసిందే. గడ్డం గిన్నె కింద చెమట పట్టి ఎర్రగా పొక్కింది. గిన్నె లోపల అంటించిన నురగ మెత్త మురికి పట్టి వాసన వచ్చింది. పాత వాయిల్ చీర ముక్కలు కత్తిరించి, గిన్నెలో పరిచి, రోజూ ఒకటి మార్చి ఉతికేదాన్ని. పొక్కు మీద పౌడరు వద్దు, రాత్రి పెట్టే ముందు చర్మం తుడిచి ఆరనిచ్చి వాసెలిన్ పలచగా రాయమన్నారు. వారంలో తగ్గింది.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా ఆడపడుచు వాళ్ళిల్లు అక్కడే. నీళ్ళు తీశాక కూడా ఇల్లు ఉండేలా లేక, పిల్లలతో సహా మా ఇంటికొచ్చారు. ఆ నెలలో గుంటూరు అపాయింట్‌మెంట్ వాయిదా పడింది. బంధువులందరి మధ్యా మాస్క్ పెట్టుకోవడానికి పాప సిగ్గుపడింది. అంతటి కష్టంలో ఉన్నవాళ్ళ ముందు ఇదేం పట్టించుకుంటామని నేనూ కొన్ని రోజులు వదిలేశాను. మా ఆడపడుచే "వదినా, పిల్ల వైద్యం ఆపకండి, మా గదిలో పెట్టుకుంటుంది" అని పాపని తన పక్కన పడుకోబెట్టుకుంది. ఆ మాట మర్చిపోలేను.

అప్పటికి రెండు నెలలైనా కంటికి ఏ తేడా కనిపించలేదు. దసరా సెలవుల్లో, అక్టోబరు మొదటి వారంలో, పళ్ళ అంచులు ఒకదానికొకటి తగలడం మొదలైంది. సంతోషించాం కానీ అదో ఇబ్బంది. అంచులు ఢీకొంటుంటే నమలడం కుదరదు, పళ్ళు జివ్వుమంటాయి. కింది దవడ పళ్ళ మీద నీలం రంగు సిమెంటు చిన్న దిమ్మల్లా వేసి, ముందు పళ్ళు తగలకుండా ఎత్తు చేశారు. నెల తర్వాత గీకి తీసేశారు, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

నవంబరులో ఒక సాయంత్రం పాప జామకాయ కొరుక్కుని తింటోంది. అంతకు ముందు ఏ కాయైనా బుగ్గ పక్క నుంచి, దవడ పళ్ళతో చీల్చుకుని తినేది. ఆ రోజు ముందు పళ్ళతో కొరికింది. కాయ మీద పై పళ్ళ గుర్తులు రెండు, అర్ధచంద్రంలా తేటగా పడ్డాయి. నాకు చూపించింది. మా అత్తయ్య ఆ కాయని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ఆ నెల చెకప్‌లో పై పళ్ళు కింది పళ్ళని దాటి ముందుకొచ్చాయని డాక్టర్ గారు చెప్పారు.

అక్కడితో ఆపరు. మామూలుగా ఉండాల్సిన దానికన్నా ఇంకాస్త ముందుకే లాగుతారు, తర్వాత కింది దవడ పెరుగుతుంది కాబట్టి. దాంతో సంక్రాంతికి ఊరెళ్తే "అయ్యో, ఎత్తు పళ్ళు వచ్చాయే" అన్నవాళ్ళు చాలామంది. అందరికీ విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది, పాపే చెప్పింది, "కావాలనే ఎక్కువ లాగారు, మళ్ళీ తగ్గుతుంది" అని.

ఆ సంక్రాంతికే కనుమ రోజు అన్నయ్యలతో కలిసి చెరుకు నమిలింది. ఎడమ వైపు బ్యాండ్ ఊడి మొత్తం ఎక్స్‌పాండర్ ఊగడం మొదలైంది. క్లినిక్ పండక్కి మూసి ఉంది. ఫోన్ చేస్తే డాక్టర్ గారు ఎత్తారు. లాగి తీయకండి, రబ్బర్లు మాత్రం ఆపేయండి, మెత్తనివి పెట్టండి, క్లినిక్ తీశాక రండి అన్నారు. మళ్ళీ అంటించడానికి 500 తీసుకున్నారు. మధ్యలో ఊడితే చార్జి ఉంటుందన్నది మొదటి రోజే కాగితంలో రాసిచ్చారు.

ఫిబ్రవరి నుంచి రాత్రి నిద్రలో మాత్రమే మాస్క్. ఆ నెల సాయంత్రాలు పాప వీధిలో ఆడుకుంటుంటే అందరికన్నా అత్తయ్యకే ఎక్కువ ఊరట. ఏప్రిల్ 2025లో మళ్ళీ సెఫలోగ్రామ్ తీసి పాత గీతల మీద కొత్త గీతలు వేసి చూపించారు. పై దవడ దాదాపు మూడు మిల్లీమీటర్లు ముందుకి వచ్చింది. గడ్డం కొంచెం కిందికి, వెనక్కి తిరిగింది. వినడానికి మూడు మిల్లీమీటర్లే. పక్క నుంచి చూస్తే ముఖం మారిన సంగతి ఎవరికైనా తెలుస్తుంది. ముక్కు పక్కన లోపలికి నొక్కుకుపోయినట్టున్న చోటు నిండింది, పై పెదవి బయటికొచ్చింది.

మే 25న ఎక్స్‌పాండర్ తీశారు. తీయడం రెండు నిమిషాల పని. అంగిలి మీద తీగల గాట్లు ఎర్రగా, లోతుగా ఉన్నాయి, నోరు వాసన వేసింది, నేను కంగారుపడ్డాను. ఉప్పు నీళ్ళతో వారం పుక్కిలిస్తే మామూలైపోయింది. పాప నాలుకతో అంగిలిని తడుముకుంటూ "ఖాళీగా ఉంది" అని రోజంతా అంటూనే ఉంది. వచ్చిన మార్పు నిలబడటానికి రాత్రి పెట్టుకునే ప్లేటు ఇచ్చారు. దాని ధర 3,500, ఇది మొదట చెప్పిన 42,000లో లేదు. మీరు ముందే అడగండి. ఎక్స్‌రేలు, ప్లేటు, ఊడిన బ్యాండ్, అదనపు రబ్బరు ప్యాకెట్లు అన్నీ కలుపుకుంటే మాకు 48,000 అయింది. బస్సు చార్జీలు వేరు.

మధ్యలో మా చెల్లెలు తన కొడుకుని కూడా చూపించింది. వాడికీ ఎనిమిదేళ్ళే, పై ముందు పళ్ళ మధ్య సందు, పక్క పళ్ళు వంకరగా విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఇద్దరిదీ ఒకేసారి చేయిద్దామనుకుంది. డాక్టర్ గారు దవడలు, కొరికే తీరు చూసి, వీడికి ఇప్పుడు ఏ వైద్యమూ వద్దు, కోరపళ్ళు దిగేటప్పుడు ఆ సందులు చాలావరకు కలుస్తాయి, ఏడాదికోసారి చూపించండి చాలు అని 300 ఫీజు తీసుకుని పంపేశారు. పళ్ళు వంకరగా కనిపించడం వేరు, దవడలు తేడాగా పెరగడం వేరు. తొందర పడాల్సింది రెండోదానికే. ఏడేళ్ళ వయసులో ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి చూపించమనేది ఈ తేడా కనిపెట్టడానికే తప్ప, పిల్లలందరికీ క్లిప్పులు వేయడానికి కాదు.

డిసెంబరు 2025లో ఆరు నెలల చెకప్ అయింది. ఎక్కువ లాగినదాంట్లో కొంత తగ్గింది, పై పళ్ళు ఇంకా ముందే ఉన్నాయి. ఇది ఊహించినదే అన్నారు. పాపకి తొమ్మిది నిండాయి. అసలు ఎదుగుదల ఇంకా ముందుంది. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసి తెమ్మన్నారు. ఎత్తు ఒక్కసారిగా పెరిగే కాలంలోనే కింది దవడా పెరుగుతుందట, అప్పుడు వెనక్కి పోతుంటే త్వరగా తెలుస్తుంది. మళ్ళీ జూన్ 2026లో చూపించమన్నారు. పెద్దయ్యాక ఆపరేషన్ చేయాల్సి వస్తుందా అని పాప ఆయన్నే నేరుగా అడిగింది. "రాకపోవచ్చు, వస్తే అప్పుడు నీకే చెప్తాను" అన్నారు. రాత్రి ప్లేటు తనే కడుక్కుని తనే పెట్టుకుంటోంది.